దేశానికిచ్చిన చెవి

2020 మే 6, బుధవారం

అతన్ని తయారుచేసింది నువ్వు. తప్పించుకోకు. యూనిఫారంలో ఫొటో కనపడగానే చేతులు కట్టుకుని నిలబడ్డావు. ప్రశ్న అడిగినవాణ్ని దేశద్రోహి అన్నావు. బూత్‌కి వెళ్ళి మనిషికి కాదు, ఫొటోకి ఓటేసి వచ్చావు. ఇవాళ ఆ ఫొటో కందిపప్పు సంచీ మీదెక్కి సూరత్‌లో, నవాగామ్‌లో మా గల్లీ దాకా వచ్చింది.

ఎవరూ చదవని నోట్‌బుక్‌లో ఎవర్ని తిడుతున్నాను? ఎవరైతేనేం.

సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగి నలభై రోజులు దాటింది. ఈ గల్లీలో మగవాళ్ళందరూ సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాల మీద నేసేవాళ్ళే. ఊరికి పోవడానికి రైలు అడిగారు. పప్పు వచ్చింది. సంచీ మీద కెప్టెన్ లింగమూర్తి, వాళ్ళ వైపు పార్లమెంటు సభ్యుడు, ఛాతీ నిండా పతకాలు. కింద ఎర్ర అక్షరాలు: ఒక చెవి దేశానికిచ్చిన వీరుడు.

పంచుతున్న కుర్రాళ్ళని అడిగాను, రైలు సంగతేంటని. సార్ లెటర్ రాశారు మేడమ్ అన్నారు. ఎవరికి రాశారు, ఏం రాశారు అన్నాను. పక్కింటికి వెళ్ళిపోయారు.

ఈ మనిషి గురించి రాస్తాను. చిన్న బుక్‌లెట్ చాలు, ముప్ఫై పేజీలు. పతకాల వెనక ఏముందో అది.


మే 8

సంచీ అందుకున్న ఎల్లవ్వ పప్పు చూడలేదు, ఫొటో చూసింది. చూసి ఒకటే నవ్వు. గీడు మా లింగడు గాదే పంతులమ్మా, మీసాలు వెంచుకుంటే గుర్తువట్టననుకున్నడా, అంది.

ఎల్లవ్వ గల్లీ చివరింట్లో ఉంటుంది. కొడుకు గంగారాం సాంచాల మీద నేస్తాడు. తన కాలంలో ఆమె కండెలు చుట్టేది. ఆమె, ఆమె పెనిమిటి మార్కండేయ, ఈ లింగమూర్తి ఒకే ఖాతాలో పనిచేశారట. ఖాతా అంటే ఇక్కడ సాంచాల షెడ్డు. లింగమూర్తి డెబ్బై తొమ్మిది నుంచి ఎనభై మూడు దాకా, నాలుగేళ్ళు. మార్కండేయ పోయి పదేళ్ళయింది.

ఇంకా చెప్పమన్నాను. మా ఇంట్ల టమాట చారు తాగినోని ముచ్చట నీకెందుకు, నువ్వు గాయిన మీద రాస్తవు, నాకెర్కలేదా, అని తలుపేసుకుంది.


మే 9

ఎంపీ సూరత్‌లో సాంచాలు నడిపాడని అతని జీవితచరిత్రలో ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదు?


మే 17, ఆదివారం

వారం రోజులు అతని మీదే ఉన్నాను. ఎన్నికలప్పుడు వేసిన పుస్తకం, యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలు, అతనితో పనిచేసిన మాజీ సైనికుల ఫేస్‌బుక్ పోస్టులు.

ఎనభై మూడులో సిపాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. చివర్లో సుబేదార్ మేజర్. రిటైరయ్యేముందు గౌరవార్థం ఇచ్చిన ర్యాంకు కెప్టెన్. ఆ ‘గౌరవార్థం’ పోస్టర్ మీద ఎక్కడా ఉండదు. రాసుకున్నాను, మొదటి పాయింట్. యుద్ధంలో పోరాడిన దళం కాదు, సరఫరా విభాగం. మంచుకొండల మీది పోస్టులకి కంచరగాడిదల మీద రేషనూ మందుగుండూ మోయించే పని. రెండో పాయింట్ రాసుకోబోయి ఆగాను. షెల్స్ పడుతున్న దారిలో పదకొండు గాడిదల్ని నడిపించుకుంటూ రోజూ కొండెక్కడం నేను చేయగలిగే పనేనా? కాదు. కొట్టేశాను.

రెండు వేల పద్నాలుగులో ఓడాడు, పంతొమ్మిదిలో గెలిచాడు. రక్షణ వ్యవహారాల మీద ఢిల్లీ టీవీల్లో పార్టీ తరఫున అరుస్తాడు. కార్మిక శాఖ స్థాయీసంఘంలో సభ్యుడు.

నాకు అర్థంకానివి రెండు. పేదరికాన్ని సభల్లో అమ్ముకోవడమే రాజకీయంగా నడుస్తున్న రోజుల్లో, నేతపని చేసిన నాలుగేళ్ళని ఏ నాయకుడైనా దాచుకుంటాడా? కన్నీళ్ళు పెట్టి మరీ చెప్పుకుంటాడు కదా! రెండోది: షెల్ పేలి చెవి పోతే సైన్యం మెడికల్ బోర్డు పెట్టి అంగవైకల్య పెన్షన్ ఇస్తుంది. ఇతను దానికి అర్జీ కూడా పెట్టలేదు. త్యాగం అంటారు అభిమానులు. ఓట్ల కోసం ఎర్ర అక్షరాల్లో అచ్చేయించుకునే గాయాన్ని డాక్టర్లకి చూపించకపోవడం త్యాగమా?

కోపంతో మొదలుపెట్టాను. ఇప్పుడు కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. ఇది నాకు నచ్చడం లేదు.


జూన్ 22

ఖాతాలు తెరిచారు. అందరికీ మాస్కు తప్పనిసరి. మంచిదే అన్నాను. గంగారాం విసుక్కున్నాడు. మూతులకు బట్ట గట్టినంక ఎవడేమంటున్నడో గుడ్డిలెక్కే మేడం, పక్కోడు పిలిచినా ఎర్కైతలేదు, అన్నాడు.

మొదట అర్థం కాలేదు. తర్వాత సిగ్గేసింది. వంద సాంచాలు ఒక్కసారి కొట్టుకునే చోట ఎవరికీ ఏమీ వినపడదు. పెదాలు చూసి మాట్లాడుకుంటారు. పదేళ్ళు పోయేసరికి బయట నిశ్శబ్దంలో కూడా పెదాలు చూస్తేనే తెలుస్తుంది. మునిసిపల్ తెలుగు మీడియం బడిలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్‌కొచ్చిన ఈ నాన్నలు నా మూతికేసి గుడ్లప్పగించి చూస్తుంటే సంస్కారం లేనివాళ్ళనుకున్నాను. ఒకాయన్ని మొహం మీదే అడిగాను కూడా, ఏంటి అలా చూస్తున్నారని. పాపం, ఆయన మళ్ళీ రాలేదు.

పీడిత ప్రజల గురించి వ్యాసాలు రాసే మనిషిని నేను!


జులై 4

గంగారాం కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.


జులై 6

ఆసుపత్రిలో ఉన్నాడు. ఎల్లవ్వని లోపలికి రానివ్వలేదు, కోవిడ్ రూల్. గేటు బయట నిలబడి కిటికీలోంచి కొడుకుతో పెదాలతోనే మాట్లాడింది. అందరూ ఫోన్లలో అరుస్తుంటే వీళ్ళిద్దరే హాయిగా మాట్లాడుకున్నారు.

జరిగింది ఇది. సాంచా ఆపి, తెగిన పోగు ముడేస్తున్నాడు. అవతలి వరసలో సాంచాలు బాగుచేసే మాస్టర్ బెల్టు సరిచేసి, చెయ్ తియ్, చాలూ చేస్తున్నా, అని అరిచాడు. గంగారాం తలెత్తాడు. మాస్టర్ మొహం మీద నీలం గుడ్డ. ఊరికే చూస్తున్నాడనుకుని మళ్ళీ తల దించాడు. రెండు వరసలకీ కలిపి ఉన్న స్విచ్ పడింది. చట్రం ముందుకొచ్చి కొట్టింది.

నిన్న సేఠ్ మనిషి వచ్చి కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకెళ్ళాడు. గుజరాతీలో ఉంది. చదివించాను. సాంచా నడుస్తుండగా ఫోన్ మాట్లాడుతూ నా అజాగ్రత్త వల్ల, అని ఉంది.

ఫోన్ మాట్లాడుతూనట! ఫోన్లో అతనికి వినపడితే కదా!

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. విచారణ పెడతారు. ఆ కాగితం నిలబడితే తప్పు గంగారాందే అవుతుంది. తప్పు మీదపడ్డవాణ్ని సూరత్‌లో ఏ ఖాతా గుమ్మం ఎక్కనివ్వదు, కాపలా పనికి కూడా. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. వినికిడి లేదని ముందే ఎందుకు చెప్పలేదని అక్కడి క్లర్కు అడిగాడు. ఈ పనిలో చెవులు పోతాయని మీ ఆఫీసులో ఒక్క కాగితమైనా ఉందా అని నేనడిగాను. లేదు. ఇంతవరకూ ఏ కార్మికుడూ అలా చెప్పలేదట. చెప్తే పనిలోంచి తీసేస్తారు కదయ్యా, ఎలా చెప్తారు!


జులై 12, ఆదివారం

లింగమూర్తి ప్రెస్ మీట్, యూట్యూబ్‌లో. ఏడుసార్లు చూశాను.

వలస కార్మికుల గురించి అడిగితే సరిహద్దు గురించి చెప్పాడు. సరిహద్దు గురించి అడిగితే టీకా గురించి చెప్పాడు. పక్కన సెక్రటరీ కాగితం మీద ఏదో రాసి తోశాడు. అప్పుడు నవ్వి, సైనికుడికి ముసుగులు నచ్చవు, దూరంగా జరిగి మాస్కులు తీసి అడగండి, అన్నాడు. చప్పట్లు. మాస్కులు తీశాక ప్రతి ప్రశ్నకీ సూటిగా జవాబు. ఎడమవైపు నుంచి అడిగినా, కుడివైపు నుంచి అడిగినా.

ఒక విలేఖరి తల దించి నోట్స్ చూస్తూ అడిగాడు. దానికి మాత్రం జై హింద్ అన్నాడు.


జులై 13

ఒక చెవి కాదు. రెండూ. షెల్ కాదు, సాంచా.


జులై 14

ఎల్లవ్వని నిలదీశాను. దాచలేదు. దాచడానికేముంది అన్నట్టు చెప్పింది.

ఎనభై మూడులో మార్కండేయ, లింగమూర్తి ఇద్దరూ సికింద్రాబాద్‌లో సైన్యం భర్తీకి పోయారు. పరుగు, బరువు అన్నీ దాటారు. చివర చెవుల పరీక్ష. డాక్టరు మనిషి వెనక నిలబడి గుసగుసగా ఒక మాట అంటాడు, అది తిప్పి చెప్పాలి. నాలుగేళ్ళ సాంచాల మోతతో లింగమూర్తికి గుసగుసలు అప్పటికే అందడం లేదు. మార్కండేయ ఖాతాలోకి కొత్తగా వచ్చినవాడు, చెవులు ఇంకా బాగున్నాయి. ఎదురు వరసలో నిలబడి, డాక్టరు అన్న ప్రతి మాటా చప్పుడు లేకుండా పెదాలతో అన్నాడు. లింగమూర్తి అది చదివి పైకి చెప్పాడు. పాసయ్యాడు. మార్కండేయ అరంగుళం పొట్టి అని తిప్పి పంపారు. మళ్ళీ సూరత్ వచ్చి పాతికేళ్ళకు పైగా నేసి, చెవుడు తెచ్చుకుని పోయాడు.

ఇంతమంది ఆఫీసర్ల ముందు, పట్టపగలు!

సాంచాల మీద వనిజేసినోనికి గదేమన్న గొప్పనా పంతులమ్మా, అంది ఎల్లవ్వ. మెడికల్ బోర్డుకి ఎందుకు పోలేదో, నేత ఎందుకు దాచాడో అన్నీ తెలిసిపోయాయి. చెవులు చూపిస్తే బండారం బయటపడుతుంది. నేత చెప్పుకుంటే ఎవరైనా లెక్క కట్టేస్తారు.


జులై 20

పక్కనే డిండోలిలో చెవుల డాక్టరు ఉంది, మౌక్తిక. గుంటూరు అమ్మాయి. గంగారాంకి పరీక్ష చేసింది. రెండు చెవులూ సమానంగా పడిపోయాయి, మోతవల్ల వచ్చే నష్టం లాగే ఉందని రాసిచ్చింది. విచారణలో చాలుతుందా అన్నాను. ఆంటీ, పెళ్ళి బ్యాండ్ వల్లో, హెడ్‌ఫోన్ వల్లో అని అవతలి లాయరు అంటే ఈ పరీక్ష గ్రాఫ్ నోరు తెరిచి చెప్పదు కదండీ, అంది. అదే ఖాతాలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా సాక్ష్యం చెప్పాలట. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్ళు చెప్పరు. పనిలో లేనివాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

అదే ఖాతా. అవును. అదే ఖాతా! సేఠ్ తండ్రి కాలంలో లింగమూర్తి పనిచేసింది కూడా అదే.


ఆగస్టు 2

బుక్‌లెట్ పూర్తయింది. హైదరాబాద్‌లో ఎడిటర్ ధీరజ్ వెంటనే పంపమంటున్నాడు. మేడమ్, ఇది బాంబు, అతని కెరీర్ ఖతం, అన్నాడు.

ఎల్లవ్వకి చదివి వినిపించాను. వినిపించడమంటే ఎదురుగా కూర్చుని పెదాలు బాగా కదిపి. ఆమె మధ్యలోనే లేచింది. మా ఆయన మూతి మాటలు నీ పుస్తకానికి మసాలానా? లింగన్ని దొంగ అంటున్నవు. దొంగ సాక్ష్యం ఎవడన్న నమ్ముతడా? వాని కుర్సీ పోతే నా కొడుకు తప్పు పోతదా? చెప్పు! అంది.

నేనూ ఊరుకోలేదు. ముప్ఫై ఏళ్ళు అబద్ధం మీద బతికినవాడు, రేపు ఇంకో అబద్ధంతో యుద్ధాలు అమ్ముతాడు, ప్రజలకి నిజం తెలియాలి, అన్నాను.

ఏ ప్రజలకే? గంగారాం ప్రజ గాడా? అంది.

ధీరజ్‌కి పంపలేదు. పంపనని చెప్పలేదు కూడా.


2021 ఫిబ్రవరి 9, మంగళవారం

మునిసిపల్ ఎన్నికల ప్రచారానికి లింగమూర్తి వచ్చాడు. మా గల్లీలోకి. డప్పులు, పూలు, జెండాలు. ఎల్లవ్వ అరుగు మీద నిలబడి ఉంది. అతను పది అడుగుల దూరంలో ఆగాడు. మాస్కు కిందికి దించాడు. ఆమె కొంగు తీసింది.

తర్వాత ఐదు నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకున్నారు. డప్పులు ఆగలేదు, నినాదాలు ఆగలేదు, ఎవరికీ ఒక్క మాట వినపడలేదు. నాకూ వినపడలేదు. పక్కనే నిలబడ్డాను, ఆ పెదాలకేసి కళ్ళు చించుకుని చూశాను. ఒక్క ముక్క అందలేదు. ముప్ఫై పేజీలు రాశాను ఇతని మీద. అసలు మాట నా కళ్ళ ముందే జరిగిపోతోంది, నేను చదువురాని దాన్ని.

చివర్లో ఎల్లవ్వ నవ్వింది, అతను నవ్వలేదు.

అడిగాను. విచారణకు రమ్మన్న, అంది. వస్తానన్నాడా? అనలే. రానన్నాడా? గదీ అనలే. మరి ఐదు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు? మార్కండేయ ఎట్ల పోయిండని అడిగిండు. మా ఇంట్ల ఇంక గదే చారు కాస్తున్ననా అని అడిగిండు. గా నోట్‌బుక్కు పట్టుకున్న ఆమె ఎవరు, మాస్కు ముక్కు కిందికి పెట్టుకున్నది అని అడిగిండు, అంది.

సాయంత్రం సెక్రటరీ వచ్చి నన్ను గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్ళాడు. బెదిరిస్తారనుకున్నాను. లింగమూర్తి ఒక్కడే ఉన్నాడు, కిటికీ తీసి. దూరంగా కూర్చుని మాస్కు తీయమన్నాడు. ఎల్లక్క చెప్పింది, నా మీద కితాబు రాసినవట గదా మేడం, అన్నాడు. అవునన్నాను. కంచరగాడిదల సంగతి రాసినవా? రాశానన్నాను. మంచిగ రాసినవా? మంచిగానే అన్నాను. అప్పుడు కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు.

షెల్ పడ్డది నిజమేనట. చెవులు పోయింది మాత్రం అంతకు ముందే. షెల్ పడ్డంక చెవుడుకు ఇజ్జత్ దొరికింది మేడం, అన్నాడు. అప్పటిదాకా రాత్రింబవళ్ళు ఎవరికి దొరికిపోతానో అని భయం, ఆ రోజు నుంచి భయం పోయిందట. గాడిదలతో ఎందుకు చేరాడో చెప్పాడు: అవి గుసగుసలాడవు.

అబద్ధానికి ఓట్లడిగారు కదా అన్నాను. మొదట పోస్టర్ కుర్రాళ్ళు రాశారు, నేను కాదనలేదు, అన్నాడు. కాదనకపోవడం కూడా అబద్ధమే అన్నాను. చాలాసేపు నా మూతికేసే చూశాడు. మళ్ళీ చెప్పమంటున్నాడేమో అనుకుని మళ్ళీ చెప్పాను. మొదటిసారే అర్థమైంది మేడం, అన్నాడు.

గంగారాం గురించి అడిగాను. విచారణలో నిలబడి నా చెవులు సూరత్‌లో పోయాయని చెప్తే, చెవిటివాడు సైన్యంలోకి ఎట్లొచ్చాడని మర్నాడే అడుగుతారు. పార్టీ ఒక్కరోజు కూడా ఆగదు, అన్నాడు. మీ స్థాయీసంఘంలో సాంచాల మోత గురించి ఒక్కసారైనా అడిగారా అన్నాను. అడగలేదట. అడిగితే ఎవరైనా నా వైపు చూస్తారేమోనని, అన్నాడు.

ఇంటికొచ్చి ఎల్లవ్వకి అంతా చెప్పాను. రాడు, అన్నాను.


ఏప్రిల్ 21

విచారణ మూడోసారి వాయిదా. గల్లీలో ఈ వారం ముగ్గురు పోయారు.


జులై 2

రిజిస్టర్డ్ కవరు, ఎల్లవ్వ పేరు మీద. నా చేతికిచ్చి చదవమంది.

స్టాంపు పేపరు, నోటరీ సంతకం. లింగమూర్తి అనే నేను, సూరత్‌లోని ఫలానా ఖాతాలో 1979 నుంచి 1983 వరకు పనిచేసితిని. సైన్యంలో చేరేనాటికే సాంచాల మోతవల్ల నా రెండు చెవులూ దెబ్బతిని ఉండెను. ఆ విషయం దాచితిని. నాతో పనిచేసిన వారందరికీ అదే జరిగెను. వెనక చిన్న చీటీ, తన చేత్తో రాసింది: ఈ కాగితం ఇయ్యాలా వద్దా ఎల్లక్క ఇష్టం. పంతులమ్మ ఇష్టం కాదు.

కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఎల్లవ్వ మాత్రం నవ్వలేదు. గిది ఇస్తే లింగని పని ఖతం గదా? అంది. అవునన్నాను. ఇయ్యకపోతే నా కొడుకు తప్పయితది? అవునన్నాను. నువ్వేమంటవు? అంది.


జులై 4

ఇవాళ పొద్దున ఎల్లవ్వ కాగితం తీసుకొచ్చింది. నడువు, ఇచ్చొద్దాం. మార్కండేయ ఎవర్నీ అడగకుంట మూతి కదిపిండు, లింగడు గిప్పుడు కదిపిండు, నేను మూసుకుని కూసుంటే ఎట్ల, అంది. ఆదివారం ఆఫీసు ఉండదని చెప్తే అరగంట తిట్టింది. నన్ను, గవర్నమెంటుని.


జులై 8

సోమవారం కాగితం ఇచ్చాం. ఎవరు బయటపెట్టారో, మంగళవారం టీవీకెక్కింది. పార్టీ అతన్ని అధికార ప్రతినిధుల జాబితాలోంచి తీసేసింది. దొంగ సైనికుడు అంటున్నారు, నిన్నటిదాకా పూలు చల్లినవాళ్ళే. నా బుక్‌లెట్‌లో నేను రాసిన మాటలే, దాదాపు అవే. వింటుంటే ఒళ్ళు మండింది. పదకొండు గాడిదల్ని కొండెక్కించు ముందు, తర్వాత మాట్లాడు, అని టీవీ మీద అరిచాను.

ధీరజ్ ఫోన్ చేశాడు, ఇదే టైమ్ మేడమ్, పంపండి అని. పంపను అన్నాను. ఎందుకన్నాడు. ఇంకా అర్థంకాని మనిషి గురించి ముప్ఫై పేజీలు రాసేశాను, అన్నాను.

విచారణ పదిహేనో తేదీన. సేఠ్ లాయరుకి సాక్షి ఎంపీ అని తెలిసి గొంతు తగ్గిందట. మా తరఫు కోరికలు రాసి తెమ్మన్నారు లేబర్ ఆఫీసువాళ్ళు. పంతొమ్మిది రాశాను, ముందు పెట్టుబడి గురించి ఒక పేజీ పీఠిక. ఎల్లవ్వ పీఠిక తీసేయించింది, పన్నెండు కోరికలు కొట్టించింది.


జులై 14

1. గంగారాం తప్పు లేదని రాయాలి.
2. వేలిముద్ర వేయించుకున్న కాగితం మా ముందు చింపేయాలి.
3. అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి. రెండు వేళ్ళతో చేయగలిగే పని ఖాతాలో ఉంది.
4. సాంచా చాలూ చేసేముందు లైటు వెలగాలి. అరుపు చాలదు.
5. అందరికీ ఏటా చెవుల పరీక్ష. చెవుడు తేలినవాణ్ని పనిలోంచి తీయకూడదు.
6. ఇక్కడ పనిచేసి పోయినవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. మార్కండేయ. లింగమూర్తి. మిగతావి ఎల్లవ్వ చెప్తుంది, రాసుకోవాలి.
7. జవాబు కాగితం మీద ఇవ్వాలి. గంగారాంకి వినపడదు.